కాటా ఎక్కని మేలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం పేరు కొంచెం బరువుగా ఉంది: పట్టణాలలో వృత్తాకార ఆర్థిక విధానం, దాని కొలత. పేరు కొత్తదే గాని పని పాతది. తయారైన వస్తువును బాగుచేసి, చేతులు మార్చి, చివరికి కరిగించి మళ్లీ వాడుకలోకి తేవడమే అది.

నూర్‌బాషా సోదరులు పాత పరుపు విప్పి, గట్టిపడిన దూది ఏకి, మళ్లీ కుట్టి ఇస్తారు. కలాయి వేసేవారు ఇత్తడి గిన్నెకు తగరం పూసి వంటకు పనికివచ్చేట్టు చేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ భాగాలు మరో లారీని నడిపిస్తాయి. హైదరాబాదు జగదీష్ మార్కెట్లో మూగబోయిన సెల్‌ఫోను మళ్లీ మాట్లాడుతుంది. పాత అల్యూమినియం గిన్నెలు కరిగిస్తే, ఖనిజం నుంచి ఆ లోహం తీయడానికయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలు. ప్రవక్త (స) తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని చదువుకున్న మనమే ‘కబాడీవాలా’ అన్న మాటను చిన్నచూపుతో పలుకుతాం. పెళ్లి సంబంధాల దగ్గర ఎలా పలుకుతామో మీకందరికీ తెలుసు. (వలీమా విందుల్లో పారేసే బిర్యానీ సంగతి ఇవాళ ఎత్తను, పెద్దలకు కోపం వస్తుంది.)

ఇక కొలత. కొత్త ముడిసరుకు వాడకం 2030కల్లా సగానికి తగ్గించాలని ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2020లో నిర్ణయించుకుంది. 2024లో ఈ కొలతకు ఐ.ఎస్.ఓ. 59020 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. వచ్చిన సరుకులో తిరిగి వాడినదెంత, పారేసినదెంత అన్నదే గాక, వస్తువు ఎన్నాళ్లు మన్నిందన్నదీ అందులో లెక్కే. మన ఊళ్లలో లెక్క ఎక్కువగా చెత్త బండి కాటా దగ్గర మొదలవుతుంది. ఏకిన పరుపు కాటా ఎక్కదు గదా! అందుచేత ఆ మేలు గాని, చేసిన మనిషి గాని రిజిస్టరులోకి రారు. రేపు పొడి చెత్త మొత్తం ఒక కాంట్రాక్టరుకు అప్పగిస్తే, మనవాళ్ల చేతిలో చూపించడానికి కాగితం ముక్క ఉండదు. చెత్త ఏరేవారిని, పాత సామాను కొనేవారిని గుర్తించి కలుపుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. గుర్తింపు అడగాలంటే ముందు హిసాబు ఉండాలి.

కనుక కార్యవర్గానికి నా మనవి. ప్రతి దుకాణానికీ ఒక పుస్తకం ఇద్దాం. కొన్నది, అమ్మినది కిలోల్లో రాయాలి. బాగుచేసినది మాత్రం కిలోల్లో రాస్తే అన్యాయం: అట్టపెట్టెల మోపు ముందు సెల్‌ఫోను ఎంత తూగుతుంది? దానికి వేరే గడి, ఎన్ని వస్తువులు, ఇంకెన్నాళ్లు పనిచేస్తాయి అని. ఉర్దూలో రాసినా ఫరవాలేదు, అంకెలు అంకెలే.

ఇంకో గడి కూడా ఉండాలి, కొందరికి నచ్చకపోవచ్చు. రాగి కోసం తగలబెట్టిన తీగ, పెరట్లో పగలగొట్టిన బ్యాటరీ అందులో రాయాలి. బ్యాటరీలోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చదువు ఎక్కని పిల్లవాణ్ణి మొద్దు అనేముందు ఇంటి వెనక ఏం పగులుతోందో చూడండి. ఇది దాచి మంచి మాత్రమే చూపిస్తే అది హిసాబు కాదు. బ్యాటరీలు పగలగొట్టకుండా, అనుమతి ఉన్న కర్మాగారానికే కలిసికట్టుగా అమ్మితే ధర కూడా గట్టిగా అడగవచ్చు.

పుస్తకాలకు గీతలు గీసే పని నాది. కార్యదర్శి గారు దుకాణాల జాబితా ఇస్తే రంజాన్ కాగానే మొదలుపెడదాం.