గొళ్లెం తీసిన చెయ్యి

2019లో టాడ్ ఫిలిప్స్ తీసిన ‘జోకర్’ సినిమా హంతకుడి మీద జాలి పుట్టిస్తుందని, అది ప్రమాదమని అప్పట్లో చాలామంది అన్నారు. జాలి పుట్టిస్తుంది, నిజమే. గోథమ్ నగరం నిధులు ఆపేయగానే కథానాయకుడు ఆర్థర్‌కు కౌన్సెలింగూ మందులూ రెండూ పోతాయి. ఆ పాత్ర వేసిన వాకిన్ ఫీనిక్స్ బక్కచిక్కిన ఒంటితో, ఆపుకోలేని నవ్వుతో మన గుండె పిండేస్తాడు. కానీ జాలి వేరు, సమర్థన వేరు. రైలు సన్నివేశం గుర్తు చేసుకోండి. తనను కొడుతున్నవాళ్లలో ఇద్దరిని కాల్చడం ఆత్మరక్షణ అనుకోవచ్చు. కుంటుతూ పారిపోతున్న మూడోవాణ్ణి మాత్రం వెంటాడి మరీ చంపుతాడు. జబ్బే అలా చేయించిందంటారా? కానీ తర్వాత ఒక సహోద్యోగిని చంపిన గదిలోనే, తనతో మంచిగా ఉన్న మరో సహోద్యోగి గ్యారీని ఏమీ చేయడు. పొట్టివాడు కావడంతో గొళ్లెం అందని అతనికి తనే తలుపు తీసి పంపిస్తాడు.