డొక్కల కరువు తర్వాత

ఇంతటి గడ్డుకాలం ఎన్నడూ లేదని దిగులుపడేవాళ్లు ఒక్కసారి 1833 నాటి గుంటూరు సీమను తలుచుకోవాలి. వానలు మొహం చాటేశాయి. తినడానికి గింజలు లేవు, పశువులకు గడ్డిపరక లేదు. ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది పోయారని అంచనా. జనం దాన్ని డొక్కల కరువన్నారు. పక్కనే కృష్ణ సముద్రంలోకి పోతూనే ఉంది!

1855 నాటికి బెజవాడ దగ్గర ఆ కృష్ణ మీదే ఆనకట్ట లేచింది. కరువునాటి పసివాళ్లలో బతికి బట్టకట్టినవాళ్లు పాతికేళ్లు నిండకుండానే డెల్టాలో కాలువ నీళ్లు చూశారు. ఆ నీళ్లు వాటంతటవి రాలేదు, కూలీలు రాళ్లు మోస్తే వచ్చాయి. మెట్ట పల్నాడు మాత్రం 1967లో నాగార్జునసాగర్ కాలువలు పారేదాకా ఎదురుచూసింది. అంత ఆలస్యం అన్యాయమే. అయినా నీళ్లు వచ్చాయి. మీ ఇంటి పెద్దల్ని అడగండి, వాళ్ల తాతలు ఏయే కష్టాలు దాటొచ్చారో. విన్నది పిల్లలకు చెప్పండి.