సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలు

(గుంటూరులో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొంతకాలం క్రితం మిర్చి యార్డులో ముఠా పని చేసుకునే ఒక సోదరుడు మా వద్దకు ఒక కాగితం తెచ్చారు. ఆయన కుమార్తె ఇంజనీరింగు చదువుతున్నది. కళాశాల వారు విద్యాయాత్రకు తీసుకొని వెళ్తామని, తండ్రి సంతకం కావాలని ఆ కాగితం పంపారు. అది ఇంగ్లీషులో ఉన్నది. మేము చదివి అర్థం చెప్పాము. అందులో ఆరు వాక్యాలు ఉంటే నాలుగింటి సారాంశం ఒక్కటే: ఏమి జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు. ఎక్కడ బస చేస్తారు, ఏ వాహనంలో వెళ్తారు, వెంట ఎవరు ఉంటారు అన్న మాట మాత్రం ఒక్కటీ లేదు. ఆ సోదరుడు అంతా విని, "సంతకం పెట్టమంటారా భాయ్, లేక పిల్లను ఆపమంటారా?" అని అడిగారు.

ఈ రెండు దారులే ఉన్నాయని మనవాళ్ళు అనుకుంటున్నారు. మూడవ దారి ఒకటి ఉన్నది. అది ప్రశ్నించే దారి. దాని గురించే ఈరోజు మేము మాట్లాడదలచుకున్నాము.

2014 జూన్ 8వ తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్ యాత్రకు వెళ్ళారు. మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఆగి, నీరు తక్కువగా ఉన్నదని రాళ్ళ మీదికి దిగారు. ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి నీటిని వదిలారు. నిమిషాల వ్యవధిలో నది పొంగింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. బిడ్డల శవాల కోసం తల్లిదండ్రులు ఆ నది ఒడ్డున వారాల తరబడి ఎదురుచూశారు.

ఆ ఘటనను హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. 2016 జనవరిలో, ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కళాశాల, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని తీర్పు చెప్పింది. ఆ 30 శాతం మీద మీరు దృష్టి నిలపాలి. నీరు వదిలింది కళాశాల కాదు. అయినా బిడ్డలను ఆ ఒడ్డుకు తీసుకొని వెళ్ళినవారికి కూడా బాధ్యత ఉన్నదని న్యాయస్థానం తేల్చింది. కాబట్టి ఒక కాగితం మీద మన చేత సంతకం పెట్టించుకున్నంత మాత్రాన తమ నిర్లక్ష్యం మాసిపోతుందని ఏ యాజమాన్యమూ అనుకోనవసరం లేదు. మనమూ ఆ భ్రమలో ఉండనవసరం లేదు.

2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు జారీ చేసింది. ప్రాంగణం లోపలి విషయాలే గాక బయట జరిగే విద్యాయాత్రలను కూడా వాటిలో చేర్చింది. తల్లిదండ్రుల అంగీకారం, విద్యార్థుల ఆరోగ్య ధృవీకరణ, బాలికల బృందం వెంట మహిళా అధ్యాపకురాలు వంటి అంశాలను ప్రస్తావించింది. ఈ మార్గదర్శకాలలో అంగీకారం ఒక అంశం మాత్రమే. మన దగ్గరికి వచ్చేసరికి మిగిలినవన్నీ పోయి అదొక్కటే మిగులుతున్నది.

బ్రిటన్‌లోని విశ్వవిద్యాలయాలలో పద్ధతి వేరు. విద్యార్థులు బయటికి వెళ్ళే ముందు ప్రమాదాల అంచనా పత్రం తయారు చేస్తారు. ఏ అపాయం రావచ్చు, అది ఎవరికి రావచ్చు, నివారణకు ఏమి చేశారు అన్నది బృంద నాయకుడు వ్రాయాలి. పై అధికారి చదివి ఆమోదించాలి. పరిస్థితి మారితే దానిని తిరగవ్రాయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక కాగితం, ఒక కలం, ఆలోచించే మనిషి చాలు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా గడిపినవారము. అక్కడ నేర్చుకున్న పాఠం ఒకటి ఉన్నది. నోటిమాటకు జవాబుదారీ ఉండడు, దస్త్రంలో ఎక్కిన మాటకు ఉంటాడు. అందుచేత సంతకానికి ముందు ఈ ప్రశ్నలను వ్రాతపూర్వకంగా అడగండి. బస్సుకు ఫిట్‌నెస్ పత్రం, బీమా ఉన్నాయా? రాత్రి ప్రయాణమైతే రెండవ డ్రైవరు ఉన్నాడా? దారిలో నది, జలాశయం, సముద్రతీరం ఉన్నాయా, ఉంటే నీటిలోకి దిగనీయకుండా ఎవరు చూస్తారు? సమీపంలోని ఆసుపత్రి ఏది? ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం ఉన్న పిల్లల వివరాలు ఎవరి వద్ద ఉన్నాయి? అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తే అధ్యాపకుడు ఎవరు?

సూర్యలంక, వాడరేవు మనకు దూరం కాదు. హిమాలయాలకు వెళ్ళే యాత్రకే ఈ ప్రశ్నలు అనుకోకండి. ఆదివారం సముద్రానికి వెళ్ళే బస్సుకూ ఇవే ప్రశ్నలు.

మన ఆడబిడ్డల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 2007లో చట్టమైన నాలుగు శాతం రిజర్వేషన్ మన పిల్లలకు వృత్తివిద్యా కళాశాలల తలుపులు తెరిచింది. తోపుడుబండి ఇళ్ళ నుండి అమ్మాయిలు ఇంజనీరింగుకు, ఫార్మసీకి వెళ్తున్నారు. యాత్ర అనగానే వారిని ఇంట్లో కూర్చోబెడితే, తోటివారు కర్మాగారాన్ని కళ్ళతో చూసి నేర్చుకున్నది వీరు పుస్తకంలో చదువుకోవలసి వస్తుంది. భయం న్యాయమైనదే. ఆ భయానికి సమాధానం చెప్పవలసినది కళాశాల, మూల్యం చెల్లించవలసినది బిడ్డ కాదు. మహిళా అధ్యాపకురాలు, వేరు బస, నమాజుకు కొద్ది సమయం, హలాల్ లేదా శాకాహార భోజనం, రమజానులో ఉపవాసం ఉన్నవారి ఆరోగ్యం పట్ల శ్రద్ధ. వీటిని దయగా అర్థించవద్దు. భద్రతలో భాగంగా అడగండి.

ప్రభుత్వ కళాశాలలు, విశ్వవిద్యాలయాలు 2005 నాటి సమాచార హక్కు చట్టం పరిధిలో ఉన్నాయి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజులలో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. విద్యాయాత్రలకు మీ నియమావళి ఏమిటి, నకలు ఇవ్వండి అని అడగవచ్చు. దరఖాస్తు వ్రాయడం రాకపోతే మా వద్దకు రండి, కూర్చొని వ్రాసి పెడతాము.

దీనిని తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరైనా అంటే, ముందు ఒంటెను కట్టి తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధను గుర్తు చేయండి. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది కూడా ఆయన నేర్పినదే. ప్రయాణానికి బాధ్యుడు ఉండాలన్న మాట మనకు కొత్తది కాదు.

ఆ ముఠా సోదరుని సంగతి చెప్పి ముగిస్తాము. మేము ఆయన పేరున తెలుగులో ఒక ఉత్తరం వ్రాసి ఇచ్చాము. మొదటి రోజు కళాశాల వారు విసుక్కున్నారు. మరి నలుగురు తండ్రులు అదే ఉత్తరం మీద సంతకం చేసి వెళ్ళారు. మూడవ నాటికి డ్రైవర్ల వివరాలు, బస చిరునామా, వెంట వెళ్ళే మేడం గారి ఫోను నెంబరు వచ్చాయి. అప్పుడు ఆయన సంతకం పెట్టారు. అమ్మాయి వెళ్ళింది, క్షేమంగా వచ్చింది. తిరిగి వచ్చిన రోజున ఆయన అన్న మాట ఇది: "భాయ్, నిద్రపోయాను ఈ నాలుగు రాత్రులూ."

ప్రతి తండ్రికీ, ప్రతి తల్లికీ ఆ నిద్ర దక్కాలి. చదువు కోసం గడప దాటిన ప్రతి బిడ్డా, ఏ మతస్థుల బిడ్డ అయినా, క్షేమంగా తిరిగి గడప తొక్కాలి. అల్లాహ్ మనకు ప్రశ్నించే ధైర్యాన్ని, ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.