సూది విషయంలోనూ గట్టిగా అడుగుదాం
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తనిఖీకి వచ్చినప్పుడల్లా మేము లెక్కల పుస్తకాలతోపాటు నమూనా సీసాలు కూడా చూస్తాము. పక్కవారి పాలు మిగిలిన సీసాలో మీ పాలు పోసి వెన్నశాతం కడితే మీరు ఊరుకోరు. కార్యదర్శిని నిలబెట్టి అడుగుతారు. అడగవలసిందే. కాని జ్వరం వచ్చి సూది వేయించుకునేటప్పుడు, అది కొత్తదేనా అని మనలో ఎందరం అడుగుతున్నాము?

గుజరాత్‌లోని సబర్‌కాంఠా జిల్లా కూడా మనలాగే పాల సంఘాలున్న ప్రాంతం. 2009లో ఆ జిల్లాలోని మోదాసా పట్టణంలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను వందలమందికి హెపటైటిస్ బి కామెర్లు సోకాయి. పదుల సంఖ్యలో మరణించారు. ఒకసారి వాడి పారవేయవలసిన సిరంజీలను వైద్యులు మళ్ళీ మళ్ళీ వాడినట్లు విచారణలో తేలింది. వాడిన సిరంజీలను పోగుచేసి తిరిగి అమ్మే వ్యాపారం కూడా బయటపడింది.

ఈ వ్యాధి క్రిమి రక్తంలో ఉంటుంది. కంటికి ఆననంత రక్తం అంటినా చాలు, సోకుతుంది. శరీరం బయట కనీసం 7 రోజులు బ్రతకగలదు. సూది మార్చి సిరంజీ అదే వాడినా, వేడినీటిలో ఒకసారి ముంచి తీసినా ప్రమాదం తప్పదు. సోకిన తరువాత 1 నెల మొదలు 6 నెలల వరకు ఏమీ తెలియకపోవచ్చు. అందుకే కామెర్లు కనబడేనాటికి ఏ సూదివల్ల వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. కొందరికి కామెర్లు కూడా రావు. క్రిమి ఏళ్ళ తరబడి లోపలే ఉండి కాలేయాన్ని చెడగొడుతుంది, కాన్సరుకు కూడా దారితీస్తుంది.

ఒక అపోహ మాత్రం వద్దు. పాలవల్లగాని, కలిసి భోజనం చేయడంవల్లగాని ఇది సోకదు. ఈ జబ్బున్న సభ్యుని పాలు సంఘం తిరస్కరించడం అన్యాయం.

ఇక మనం చేయవలసిన పనులు ఇవి.

1. మాత్రతో తగ్గే జ్వరానికి సూది కావాలని పట్టుబట్టరాదు.

2. సీలు ఉన్న కొత్త సిరంజీని మన ఎదుటనే విప్పమని అడగాలి. వాడిన వెంటనే సూదిని కత్తిరించి పారవేయమని కోరాలి.

3. పుట్టిన బిడ్డకు 24 గంటలలోగా టీకా వేయించాలి. పెద్దలు 0, 1, 6 నెలల లెక్కన 3 మోతాదులు వేయించుకోవచ్చు. మన దేశంలో ఈ టీకాను జన్యు పద్ధతిలో మొదట తయారుచేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, 1997లో.

4. కామెర్లు వస్తే పసరు మందులతో కాలం గడపక రక్తపరీక్ష చేయించుకోవాలి. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం కింద నిర్ణీత ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, చికిత్స ఉచితం.

అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మొగమాటపడవద్దు. వెన్నశాతం తప్పితే పోయేది ఒక పూట పాల డబ్బు. సూది తప్పితే ఇంటి పెద్దదిక్కే పోవచ్చు. ఈ సంగతిని ప్రతి సంఘం సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.