పొరుగింటి పుల్లకూర

పొరుగింటి పుల్లకూర రుచి అని మనవారు ఒక సామెత చెప్పుకొంటారు. ఇంట పంచభక్ష్యాలు ఉన్నప్పటికీ పక్కింటి పుల్లకూర కొరకు నాలుక చాచే మానవ స్వభావాన్ని ఎత్తిపొడవడానికి పుట్టిన మాట అది. కాని ఆ సామెతను మరొక విధంగా కూడ అర్థం చేసికొనవచ్చును. పొరుగింటి కూరలో ఒక రుచి ఉన్నదని మన పెద్దలు ఏనాడో ఒప్పుకొన్నారన్నమాట. ఆ రుచి మన ఇంటికి ఏ దారిని వస్తుంది? వచ్చినప్పుడు దానికి మనము చేయవలసిన మర్యాద ఏమిటి? ఈ రెండు విషయాలను గురించి ఇప్పుడు కొంచెము ముచ్చటించుకొందాము.

ఇంటిలోని గదులన్నింటిలోను మార్పును ఎక్కువగా ఎదిరించేది వంటగది. ముందుగదిలోనికి కుర్చీలు వస్తవి, బల్లలు వస్తవి, గోడమీది బొమ్మలు మారుతవి. కట్టూ బొట్టూ మారుతవి. అమ్మమ్మ చేతి పోపు మాత్రము మనుమరాలి చేతికి ఇంచుమించు అట్లాగే వచ్చి చేరుతుంది. అందుచేత వంటింటిలోనిదంతా అనాదిగా మనదేనని మనకు ఒక నమ్మకము. కాని ఒకసారి పోపులపెట్టె మూత తీసి చూడండి. అందులోని ఎండుమిరపకాయ పుట్టినిల్లు అమెరికా ఖండము. 1498లో పోర్చుగీసు ఓడలు కోళికోడు తీరానికి చేరిన తరువాతనే అది మన దేశములో అడుగుపెట్టింది. అంతకు పూర్వము మన వంటలకు కారము మిరియములది, పిప్పళ్లది, అల్లముది. కొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత మిరియమును తలచుకొనియే మిరప అని పేరు పెట్టుకొన్నారు.

బంగాళాదుంప మాట చూడండి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమలలో పుట్టిన ఈ దుంప కోస్తా జిల్లాలలో బంగాళాదుంప, తెలంగాణములో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. ఒకచోట వంగదేశము, ఒకచోట ఉత్తరాది భాషలు, ఒకచోట తమిళదేశము, ఏ దిక్కునుండి వచ్చినదో ఆ దిక్కు ఆనవాలు పేరులోనే నిలిచిపోయినది. వేరుసెనగ, జీడిమామిడి, బొప్పాయి, జామ, ఇవన్నీ సముద్రము దాటి వచ్చినవే. అంతవరకు ఎందుకు? ఏకాదశినాడు ఉపవాసము ఉన్నవారు అన్నము ముట్టక సగ్గుబియ్యము కాచుకొని త్రాగుతారు. ఆ సగ్గు అనే మాట మలయా భాషది. నేడు సగ్గుబియ్యము చేసే కర్రపెండలము దక్షిణ అమెరికాది. ఉపవాసపు శుచికి మాత్రము ఏ లోపమూ రాలేదు.

కనుక మన వంటిల్లు తలుపులు మూసికొని కూర్చున్న ఇల్లు కాదు. అయితే ఒక్క సంగతి మరువరాదు. అది సరుకులకు తలుపు తెరచిన ఇల్లు. వండిన చేతులకు మాత్రము చాలకాలము తలుపు మూసిన ఇల్లు. బజారులోనుండి వచ్చే మిరపకాయను ఎవరు పండించారని ఎవరూ అడుగలేదు. వండిన అన్నము దగ్గరకు వచ్చేసరికి ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఏ పంక్తిలో ఎవరు కూర్చున్నారు అనే ప్రశ్నలు పుట్టినవి. పరాయి రుచులను గురించి మాట్లాడుకొనేటప్పుడు ఈ మాటను దాచి, రుచులను మాత్రము పొగడితే అది అరకొర సత్యము అవుతుంది.

మా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. హైదరాబాదులో మేము కాపురమున్న వీథిలో మా గోడకు ఆనుకొని ఒక ముస్లిం కుటుంబము ఉండేది. రంజాను పండుగ ఉదయము ఆ ఇంటి ఇల్లాలు ఒక గిన్నెపై అల్లిక గుడ్డ కప్పి షీర్‌ఖుర్మా పంపేది. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరము, పారసీక పదాలు. మా నాయనమ్మ ఆ గిన్నెను నవ్వుతూ అందుకొనేది. ఖాళీ గిన్నె తిరిగి పంపరాదు గనుక అందులో గుప్పెడు పంచదార పోసి ఇచ్చేది. గిన్నెలోనిది మాత్రము మాలో ఎవరి నోటికీ చేరేది కాదు. పెరటిలో పారబోసేవారు. ఒక పండుగనాడు పొరుగింటి పిల్ల గోడమీదినుండి అది చూసినది. ఏమీ అనలేదు. దిగి వెళ్లిపోయినది. ఆ పిల్ల ముఖము మాకు ఈనాటికీ గుర్తున్నది.

మరుసటి సంవత్సరము పండుగకు గిన్నె రాలేదు. ఒక పళ్లెము వచ్చినది. అందులో సన్నని సేమ్యా, పంచదార, ఖర్జూరాలు, జీడిపప్పు, సారపప్పు, అన్నీ పచ్చి సరుకులే, వేరువేరు పొట్లాలుగా కట్టి ఉన్నవి. పరులు వండినది తిననివారికి సరుకులు ఇచ్చి, మీరే వండుకొనండి అనడము మన ఆచారములో ఉన్నదే. దానికి స్వయంపాకము అని పేరు. ఆ ఇల్లాలు మా ఆచారాన్ని మాకంటె బాగుగా తెలిసికొని, తన పండుగను మాకు స్వయంపాకముగా పంపినది. నాయనమ్మ ఆ పళ్లెమును చూచి చాలసేపు ఊరకున్నది. తరువాత గోడ దగ్గరకు వెళ్లి, ఇది ఎట్లా వండాలమ్మా అని అడిగినది. ఖర్జూరాలు రాత్రి నానవేయవలెనని, సన్నగా తరిగి నేతిలో వేయించవలెనని, సేమ్యాను విడిగా దోరగా వేయించుకొనవలెనని, పాలు సగానికి మరిగిన పిమ్మటనే అవి కలుపవలెనని, లేకపోతే ముద్ద అవుతుందని అవతలి గోడనుండి సమాధానము వచ్చినది.

ఆ దినము మొదలుకొని ప్రతి రంజానుకు మా ఇంట షీర్‌ఖుర్మా వండేవారు. నాయనమ్మ చివరివరకు ఆ ఇంట వండినది తినలేదు. ఆ పని మా తరానికి మిగిలినది. మేము తిన్నాము, తింటున్నాము. అయినా, పారబోయడానికి అలవాటుపడిన చేయి, ఎట్లా వండాలి అని అడిగి నేర్చుకొన్నది. అది చిన్న మార్పు అని మేము అనుకోము. పరాయి వంటను తినడము ఒక మర్యాద. దానిని నేర్చుకొని మన పొయ్యిమీద వండడము అంతకంటె పెద్ద మర్యాద.

నేటి దినములలో తినడము సులభమైపోయినది. ఫోనుపై ఒక మాట నొక్కితే ఏ దేశపు వంటకమైనను పొట్లములో గుమ్మము ముందుకు వస్తున్నది. తిని, బాగున్నది, బాగులేదు అని తీర్పు చెప్పి లేస్తున్నాము. ఆ వంటకము వెనుక ఉన్న శ్రమగాని, కథగాని మనకు తెలియవు. ఇంట వండుకొన్నప్పుడే అవి తెలియవస్తవి.

హలీమునే తీసికొందాము. అరబ్బు దేశాలలో గోధుమలను మాంసముతో కలిపి దంచి వండే హరీస్ అనే వంటకము ఉన్నది. దంచడము అనే అర్థమునుండియే ఆ పేరు వచ్చినది. పదవ శతాబ్దములో బాగ్దాదులో వ్రాసిన పాకశాస్త్ర గ్రంథములో దాని ప్రసక్తి ఉన్నది. నిజాము సైన్యములో కొలువు చేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బులు ఆ వంటను హైదరాబాదుకు తెచ్చినారు. వారు నివసించిన బారకాసు పేటలో హరీస్ నేటికీ దొరుకుతుంది. ఇక్కడి పప్పులు, మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసము చేరి అది హైదరాబాదీ హలీము అయినది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మన దేశములో మాంసాహార వంటకానికి అటువంటి గుర్తింపు రావడము అదే మొదలు. 2023లో హరీసును యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది.

ఈ చరిత్ర అంతా పుస్తకములో చదువవచ్చును. కాని గోధుమరవ్వ ముందురాత్రి నానవేసి, మాంసము ఎముకనుండి విడిపోయేదాక ఉడికించి, రెండింటినీ కలిపి సన్నని సెగపై పప్పుగుత్తితో గంటల తరబడి మెదిపినవారికి మాత్రమే దంచడము అనే పేరు ఎందుకు వచ్చినదో భుజాలు చెప్పుతవి. అది ఒక్కరి చేతితో సాగే వంట కాదు. ఒకరు అలసితే ఇంకొకరు అందుకొనవలెను. ఉపవాసము ఉన్న పదిమందికి ఒకేసారి వడ్డించడానికి తగిన వంట అది.

ఇక దూరదేశమునకు పోదాము. కొరియాలో శరత్కాలము చివర, చలి ముదురకముందు, చుట్టపక్కాలు, ఇరుగుపొరుగువారు ఒకచోట చేరి చలికాలమంతటికి సరిపడే కిమ్చీ పెట్టుకొంటారు. ఆ సామూహిక శ్రమకు కింజాంగ్ అని పేరు. వేసవిలో ఆవకాయ పెట్టే మన ఇళ్లను తలచుకొంటే వేరే వర్ణన అక్కరలేదు. కొలతలు అత్తగారికి కంటితోనే తెలుసు. కోడలు చూచి నేర్చుకొనవలసినదే. పెట్టినదానిలో పొరుగువారికి కొంత పంపవలసినదే. కొరియా వారి కిమ్చీకి ఎర్రని కారము ఇచ్చినదీ మన ఆవకాయకు ఇచ్చినదీ సముద్రము దాటివచ్చిన ఆ మిరపకాయయే. కింజాంగ్‌ను యునెస్కో 2013లో దక్షిణ కొరియా పేరిట, 2015లో ఉత్తర కొరియా పేరిట గుర్తించినది. రెండు రాజ్యాలుగా చీలిన జాతికి ఊరగాయ మాత్రము ఒక్కటే.

ఇంట పెట్టుకోదలచినవారికి పద్ధతి చెప్పుతాము. ఒక కిలో చైనా క్యాబేజీని ముక్కలుగా కోసి, గుప్పెడు కల్లుప్పు పట్టించి రెండు మూడు గంటలు ఉంచవలెను. ఆకు మెత్తబడి విరగకుండ వంగినప్పుడు మూడుసార్లు నీటితో కడిగి వడకట్టవలెను. ఒక చెంచా బియ్యపుపిండిని కప్పు నీటిలో జావగా కాచి చల్లార్చి, అందులో కారప్పొడి, దంచిన వెల్లుల్లి, అల్లము, సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు కలిపి ముక్కలకు పట్టించవలెను. గుంటూరు కారము ఇక్కడ పనికిరాదు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉన్న మిరప కావలెను. వరంగల్లు ప్రాంతపు చపాటా మిరప దీనికి చక్కగా సరిపోతుంది. గాజు జాడీలో గాలి చొరకుండ అదిమి, పైన రెండు వ్రేళ్ల ఖాళీ ఉంచి, మన ఎండలకు ఒక్కరోజు బయట ఉంచితే చాలును. పిమ్మట ఫ్రిజ్జులో పెట్టవలెను. వారము దినాలకు పులుపు కుదురుతుంది.

ఆవకాయలో ఉప్పు, నూనె, పులుపు కలిసి ముక్కను పాడుకాకుండ కాపాడుతవి. కిమ్చీలో ఉప్పు తక్కువ. అది పులియడాన్ని ఆపదు, అదుపులో ఉంచుతుంది. కొరియా వారు సాధారణముగా ఇందులో చేపల రసము కూడ కలుపుతారు. అది తినని ఇళ్లవారు వెనుదీయనక్కరలేదు. ఆ దేశపు బౌద్ధ ఆరామాలలో చేపా లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. అక్కడ కూడ కిమ్చీ ఉన్నది. మడి కట్టుకొన్న వంట మనకు మాత్రమే తెలుసునని అనుకొనరాదు.

మరొక వంటకము. కరీబియన్ సముద్రములోని హైతీ దేశములో జనవరి 1వ తేదీన ప్రతి ఇంట గుమ్మడికాయ పులుసు కాచుకొంటారు. దానిని జూము సూపు అంటారు. ఫ్రెంచివారి ఏలుబడిలో బానిసలుగా ఉన్న నల్లజాతివారు ఆ గుమ్మడిని పండించారు, యజమానులకు ఆ సూపు వండి పెట్టారు. తాము తినడానికి మాత్రము వారికి అనుమతి లేదు. 1804 జనవరి 1వ తేదీన స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న తరువాత ఆ సూపు త్రాగడమే వారి పండుగ అయినది. 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చినది. గుమ్మడికాయ మనకు కొత్త కాదు. సంక్రాంతి ముగ్గులో గొబ్బెమ్మలపై దాని పువ్వులు పెట్టుకొంటాము. కాని ఈ కథ తెలిసిన తరువాత ఆ సూపు కాచేవారు దానిని కేవలము ఒక కొత్త రుచిగా భావింపజాలరు. వండిన చేతికి తినే హక్కు లేకపోవడము ఎటువంటిదో మన దేశములో కూడ తెలిసినవారు ఉన్నారు.

మా అనుభవములో తెలిసిన ఒకటి రెండు మాటలు చెప్పి ముగిస్తాము. పరాయి వంటను మొదటిసారి దాని పద్ధతిలోనే వండండి. మన నాలుకకు కారము చాలకపోయినా, పోపు లేదని చేయి ఊరుకోకపోయినా, ఆ ఒక్కసారికి ఓర్చుకొనండి. అది ఏమి చెప్పదలచినదో విన్న పిమ్మట మీ ఇంటికి తగినట్లు మార్చుకొనండి. హైదరాబాదు హరీసును అట్లాగే మార్చుకొన్నది. వ్రతనియమాలు ఉన్నవారు వాటిని విడువనక్కరలేదు. తమకు సరిపడే వంటకాన్ని ఎన్నుకొనండి. పేరును మార్చకండి. షీర్‌ఖుర్మాను సేమ్యా పాయసమని పిలిస్తే గిన్నెలోనిది అదే కావచ్చును గాని, పంపినవారి పండుగ అందులోనుండి జారిపోతుంది. వీలయితే పుస్తకముకంటె, తెరపైని బొమ్మకంటె, ముందుగా ఆ వంట తెలిసిన మనిషిని అడగండి. మీ వీథిలోనే మరాఠీవారో, మళయాళీలో, బెంగాలీలో, ఒరియావారో ఉండకపోరు. గోడ దగ్గరకు వెళ్లి, ఇది ఎట్లా వండాలమ్మా అని అడగడానికి ఖర్చు ఏమీ లేదు.

వారు గిన్నెతో పంపితే, గిన్నెను ఖాళీగా తిరిగి పంపకండి. పండుగనాటి బొబ్బట్లు రెండు పెట్టి పంపండి. ఎట్లా వండారని వారు అడుగుతారు. అప్పుడు చెప్పవలసిన వంతు మనది.