పసిపిల్లల మూర్ఛ - వయస్సును బట్టి దాని రూపములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. రైల్వేలో గుమాస్తా పని చేయువారము. పండుగనాడు రోగముల ప్రసంగ మెందుకని కొందరికి తోచవచ్చును. కాని ఉగాది పచ్చడిలో చేదు కూడ నున్నది గదా! మన యిండ్లలో దాచిపెట్టు చేదు ఒకటి గలదు. అది పిల్లల మూర్ఛ.

మూర్ఛ యనగానే కాళ్ళు చేతులు కొట్టుకొనుట, నోట నురుగు వచ్చుట మాత్రమే మనకు తెలియును. మెదడులోని విద్యుత్తు ఉన్నట్లుండి అదుపు తప్పుటయే మూర్ఛ. పసివారి మెదడు ఇంకను ఎదుగుచున్నది కనుక, ఒక్కొక్క వయస్సులో ఆ వ్యాధి ఒక్కొక్క రూపమున కనబడును.

పుట్టిన మొదటి నెలలో ఒళ్ళంతయు కొట్టుకొనుట అరుదు. కన్నులు ఒక ప్రక్కకు నిలిచిపోవుట, పెదవులు చప్పరించుట, సైకిలు త్రొక్కినట్లు కాళ్ళాడించుట, ఊపిరి ఆగుట - ఇవియే గుర్తులు కావచ్చును. కాన్పులో ఊపిరందకపోవుట, రక్తములో చక్కెర గాని కాల్షియం గాని తగ్గుట, మెదడుకు క్రిములు సోకుట ముఖ్య కారణములు.

మూడవ నెల మొదలు ఏడాదిలోపు వచ్చునది మిక్కిలి ప్రమాదకరమైనది. నిద్ర లేవగానే బిడ్డ క్షణకాలము మెడ వాల్చి చేతులు విసరును. అట్లే వరుసగా పలుమార్లు చేయును. తల్లులు ఉలికిపాటనియో, కడుపునొప్పియనియో అనుకొందురు. 1841లో వెస్ట్ అను ఆంగ్ల వైద్యుడు తన కన్నకొడుకులోనే దీనిని చూచి లాన్సెట్ పత్రికకు వ్రాసెను. నేర్చిన నవ్వును, నిలిపిన మెడను బిడ్డ మరచిపోవచ్చును. నేడు ఏ.సి.టి.హెచ్., ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ అను మందులు గలవు; ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత మేలు. “సెలవులకు ఊరికి పోయినప్పుడు చూపింతము” అనరాదు. ఆలస్యమైన బండి రేపైనను చేరును; పసిమెదడు ఎదుగు కాలము మరల రాదు.

ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు జ్వరముతో వచ్చు ఫిట్సు వేరు. నూటికి ఇద్దరు మొదలు ఐదుగురు పిల్లలకు వచ్చును. పెక్కుమందికి మూర్ఛ వ్యాధిగా మారదు. అయినను మొదటిసారి వైద్యునికి చూపవలెను.

బడి యీడున, నాలుగు మొదలు పదేండ్లలో, పిల్లవాడు మాటలో మాటగా కొన్ని సెకనులు శూన్యములోనికి చూచుచు నిలిచిపోవును. పరధ్యానమని దండింపకుడు. మందులతో చాలమందికి నయమగును.

ఫిట్సు వచ్చినప్పుడు బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. చేతిలో తాళములు, నోటిలో చెంచాలు వలదు. ఐదు నిమిషములు దాటిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. సెల్‌ఫోనులో తీసిన చిత్రము వైద్యునికి ఎంతో సాయము. మన భాష తెలియని డాక్టరుతో హిందీలో ‘మిర్గీ’ యనియు, మరాఠీలో ‘ఆకడీ’, ‘ఫేఫరే’ యనియు చెప్పవచ్చును. చంద్రపూరులో 2015 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో పదునెనిమిదేండ్లలోపు పిల్లల మూర్ఛయు చేరియున్నది. వైద్యుడు చెప్పనిదే మాత్రలు మానరాదు. ఊరికి పోవునప్పుడు సరిపడ వెంట తీసికొనిపోవలెను.

ఆడపిల్లకు పెండ్లి కాదను భయముతో దాచువారు మనలో గలరు. మూర్ఛను కారణముగా చూపి వివాహమును రద్దు చేయు నిబంధనను 1999లోనే హిందూ వివాహ చట్టము నుండి తొలగించిరి. చట్టము విడిచిన సిగ్గును మనము మోయ నేల?

ఈ నూతన సంవత్సరమున మన పిల్లలందరు ఆరోగ్యముతో వర్ధిల్లుదురు గాక! సెలవు.