పాత సీరియళ్ళకు ఏ డిస్పోజలు?



కార్యదర్శి గారు నన్ను కమ్యుటేషన్ గురించో, మెడికల్ బిల్లుల గురించో నాలుగు మాటలు చెప్పమన్నారు. వాటి గురించి ప్రతి డిసెంబరు 17న చెప్పుకుంటూనే ఉన్నాం గనుక ఈసారి టీవీ సీరియళ్ళ గురించి మాట్లాడతానన్నాను. "రామాయణమా?" అన్నారాయన. కాదండీ, రాకెట్ల సీరియళ్ళు అన్నాను. కాసేపు నా మొహం చూసి, సరే కానివ్వమన్నారు. వారికి కృతజ్ఞతలు.

మొన్న ముక్కోటికి మా అబ్బాయి, మనవడు భద్రాచలం వచ్చారు. తెప్పోత్సవం చూసి ఇంటికి రాగానే తండ్రీకొడుకులకు వాదన మొదలయింది. మా వాడు చిన్నప్పుడు చూసిన సీరియళ్ళు ఇప్పుడు ఇంట్లోనే, కావలసినప్పుడు చూసుకునే వీలు వచ్చింది. కొన్ని డిస్కులుగా వచ్చాయి, కొన్ని యూట్యూబులో ఉన్నాయి. 2024 నవంబరులో ప్రసార భారతి వారు 'వేవ్స్' అని ఒకటి పెట్టి పాత దూరదర్శన్ సరుకు అందులో ఇస్తున్నారు. మా వాడు మురిసిపోతూ కొడుక్కి చూపించబోతే, వాడు రెండు నిమిషాలు చూసి, "తాతయ్యా, ఆ రాకెట్టు అట్టముక్క కదా! కంప్యూటర్లో కొత్తది చేసి అతికిస్తే పోలా?" అన్నాడు. "అతికిస్తే అది మేం చూసింది ఎలా అవుతుందిరా!" అని వాడి నాన్న గయ్యిమన్నాడు. తీర్పు నన్ను చెప్పమన్నారు.

ఈ తగువు మా ఇంట్లో పుట్టింది కాదని తరువాత తెలిసింది. 1980ల మధ్యలో ఆదివారం ఉదయాలు దూరదర్శన్ 'స్టార్ ట్రెక్' వేసేది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. చెవులు మొనదేలిన ఆసామి ఒకాయన ఉండేవాడు. 1966 నుంచి 1969 దాకా అమెరికాలో తీసిన 79 భాగాల సీరియల్ అది. 2006లో దాని యజమానులు బొమ్మ శుభ్రం చేసి, పాత ఓడలూ గ్రహాలూ తీసేసి కంప్యూటర్ బొమ్మలు పెట్టారు. అభిమానులు రెండు పార్టీలయ్యారు. కొందరు కళ్ళు తెరిపిడి పడ్డాయన్నారు. తక్కినవాళ్ళు, ఆనాటి పనివాళ్ళ చేతి పని చెరిపెయ్యడానికి మీరెవరన్నారు. చివరికి 2009లో బ్లూ-రే డిస్కులు వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ ఇచ్చారు. రిమోటు నొక్కి ఎవరికి కావలసింది వారు చూసుకోవచ్చు.

నాకది సబబుగా తోచింది. మనం ఆఫీసులో నేర్చుకున్నదీ అదే. తప్పు రాస్తే బ్లేడుతో గీకకూడదు, కింది అక్షరం కనపడేట్టు ఒక్క గీత కొట్టి, పైన సరిగా రాసి, పొట్టి సంతకం పెట్టాలి. గీకిన రిజిస్టరు ఆడిట్ వాళ్ళ కంటబడితే ఏమవుతుందో మీకు చెప్పాలా!

మా వాడి మరో ఫిర్యాదు బొమ్మ కొలత గురించి. పాత టీవీ బొమ్మ 4:3, ఇంచుమించు నలుచదరం. ఇప్పటి తెర 16:9, అడ్డంగా సాగి ఉంటుంది. తెర నిండాలని కొందరు పైనా కిందా కత్తిరించి వేస్తారు. మనిషి నుదురు ఎగిరిపోతుంది. అటూ ఇటూ నల్లగా ఉంటే ఉండనివ్వండి గానీ తలలు తియ్యకండని అభిమానులు మొత్తుకుంటారు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక మన సీరియళ్ళు. తెలుగులో ఇలాంటి కథ అంటే 1991 నాటి 'ఆదిత్య 369' గుర్తొస్తుంది, కానీ అది సినిమా. మన పిల్లలు ఎదిగింది హిందీ రాకెట్ల మీదే. 1989లో 'ఇంద్రధనుష్', ఆ రోజుల్లోనే 'స్పేస్ సిటీ సిగ్మా', 1997 నుంచి 2005 దాకా 'శక్తిమాన్', 1998లో కేతన్ మెహతా తీసిన 'కెప్టెన్ వ్యోమ్'. 2020 లాక్‌డౌనులో శక్తిమాన్‌ను మళ్ళీ వేస్తే, మనవడు ఫోను పక్కన పెట్టి వారం రోజులు చూశాడు. ఎనిమిదో రోజు మళ్ళీ ఫోను పట్టుకున్నాడనుకోండి.

సిగ్మా రోజుల్లో మాకు బ్లాక్ అండ్ వైట్ టీవీ. వెదురు బొంగుకు కట్టిన యాంటెన్నాను కోతులు తిప్పేసేవి. మా వాడు డాబా ఎక్కి సరిచేస్తుంటే నేను కింద నుంచి "వచ్చింది, పోయింది" అని అరిచేవాణ్ణి. హిందీ ఎవరికీ సరిగా రాదు. పక్క వీధి హాస్టల్ నుంచి నలుగురు కోయ పిల్లలు వచ్చేవారు. వాళ్ళు జకాకూ అనే విలన్‌లా నవ్వుతుంటే అసలువాడు వీళ్ళ ముందు చాలడనిపించేది. వీడియో కొనే స్తోమత లేదు. అందుకని మా వాడు టూ-ఇన్-వన్ టీవీ ముందు పెట్టి, అందరినీ నోరు మూసుకోమని, మాటలు మాత్రం కేసెట్టుకు ఎక్కించేవాడు. పాత భక్తి పాటల కేసెట్లన్నీ అలా అయిపోయాయి. నేను తిట్టాను కూడా.

తిట్టి ఉండకూడదని ఇంగ్లండు వాళ్ళ కథ తెలిశాక అనిపించింది. బీబీసీ వారు 1963 నవంబరు 23న 'డాక్టర్ హూ' మొదలుపెట్టారు. పోలీసు టెలిఫోను పెట్టెలా కనపడే యంత్రమెక్కి కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఆయన కథ. టేపులు ఖరీదు, మళ్ళీ ఎవరూ చూడరు, చోటు లేదు. అందుకని 1978 దాకా పాత టేపులు చెరిపి వాడుకున్నారు, ఫిల్ము కాపీలు పారేశారు. మన రికార్డు రూము భాషలో చెప్పాలంటే ఆర్.డిస్. ఇవ్వవలసిన దానికి ఎల్.డిస్. ఇచ్చారు. పిల్లల కోసం చెబుతున్నాను: ఎల్.డిస్. ఫైలు ఏడాది ఉంచి తీసేస్తారు, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. మొదటి ఆరేళ్ళ భాగాలు దాదాపు వంద పోయాయి. కొన్ని తరువాత ఇతర దేశాలకు పంపిన కాపీల్లో దొరికాయి. 2013లో తొమ్మిది భాగాలు నైజీరియా నుంచి తిరిగి వచ్చాయని ప్రకటించారు.

బొమ్మ పోయిన ప్రతి భాగానికీ మాటలు మాత్రం మిగిలాయి. ఎలాగంటారా? మా వాడిలాంటి పిల్లలు ఆ దేశంలోనూ టీవీ దగ్గర టేపు రికార్డరు పెట్టుకుని కూర్చున్నారు. ఆ శబ్దానికి గీసిన బొమ్మలు జతచేసి కొన్ని కథలు డిస్కులుగా తెచ్చారు, 2016లో వచ్చిన 'ది పవర్ ఆఫ్ ద డాలెక్స్' అలాంటిదే. అంత పెద్ద సంస్థ పోగొట్టుకున్నది ఇళ్ళలో దొరికిందన్నమాట.

మా ఇంట్లో తొమ్మిది కేసెట్లు ఉండేవి. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులు వచ్చినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. ట్రంకు పెట్టెలోని ఏడు కేసెట్లూ బురద ముద్దలయ్యాయి. రెండు మాత్రం జీపీఎఫ్ స్లిప్పుల కట్టలో కలిసి అటక మీద ఉండబట్టి మిగిలాయి. అందులో ఒకటి మా వాడు హైదరాబాదు తీసుకువెళ్ళి కంప్యూటర్లోకి ఎక్కించి ఫోనులో పంపాడు. రాకెట్ల రొద, తెలియని హిందీ. మధ్యలో గిన్నె చప్పుడు. ఆపైన మా ఆవిడ గొంతు: "ఏమండీ, చారు చల్లారిపోతోంది. ఆ జకాకూ ఎక్కడికీ పోడు గానీ లేవండి." వెంటనే మా వాడు "అబ్బా అమ్మా, రికార్డవుతోంది!" అని అరవడం.

ఆవిడ 2011లో పోయింది. ఫోటోలు ఉన్నాయి గానీ గొంతు ఇంకెక్కడా లేదు. మా వాడు ఆ మాటలు విడిగా కత్తిరించి పంపుతానన్నాడు. వద్దురా, రాకెట్ల రొదతో సహా ఉండనివ్వమన్నాను. సిగ్మా మొత్తం ఎవరైనా శుభ్రం చేసి ఇస్తే నేను మొదట కొంటాను, కానీ ఈ కేసెట్టు దాని పక్కనే ఉంటుంది.

మనవడు ఇది విన్నాక అట్ట రాకెట్టు జోలికి మళ్ళీ రాలేదు.

కాబట్టి సోదరులారా, పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద కేసెట్లు కనపడితే పాత ఇనుము వాడికి వెయ్యకండి. వాటి మీద ఏమి రాసి ఉందో నమ్మకండి, పెట్టి వినండి. బూజు పట్టి ఉంటే మాత్రం మీరు పెట్టకండి, టేపు చుట్టుకుని తెగుతుంది. తెలిసినవాళ్ళకు ఇవ్వండి. మా రెండో కేసెట్టు అలాగే ఉంది, పైగా మా టూ-ఇన్-వన్ బెల్టు తెగింది. కొత్తగూడెంలో గానీ పాల్వంచలో గానీ ఎవరి దగ్గరైనా నడిచే టేపు రికార్డరు ఉంటే, సమావేశం అయ్యాక ఒక్కసారి నన్ను కలవండి. సెలవు.